ఎదుటివారికి మన అవసరం ఎంత?

సంపాదకులకు నమస్కారం.

సమ్మెలు, ధర్నాలు, బహిష్కరణల వల్ల ఒరిగేదేమీ లేదని, నష్టపోయేది చివరికి సామాన్యులేనని కొందరు పాఠకులు, జనం రోడ్డెక్కితే ఎంతటి ప్రభుత్వమైనా దిగిరాక తప్పదని మరికొందరు పాఠకులు లేఖల శీర్షికల్లో ఎప్పటినుంచో వాదించుకుంటూనే ఉన్నారు. రెండు పక్షాలకూ చరిత్రలో కావలసినన్ని సాక్ష్యాలు దొరుకుతాయి కనుక ఈ వాదం ఎన్నాళ్లయినా తెగదు. నా ఉద్దేశంలో ఇరువురూ లెక్కపెడుతున్నది ఒకటే: ఎంతమంది వచ్చారు, ఎంత ఆగ్రహంతో వచ్చారు అన్నది. దానికి బదులు రెండు ప్రశ్నలు వేసుకుని చూడాలి. నిర్ణయాధికారం ఉన్నవారికి, నిరసన తెలుపుతున్నవారితో రోజువారీ అవసరం ఏముంది? ఆ అవసరం తీర్చడం మానేసి నిరసనకారులు ఎన్నాళ్లు నిలబడగలరు? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఏ పోరాటం ఎందుకు నెగ్గిందో, ఏది ఎందుకు వీగిపోయిందో చాలావరకు బోధపడుతుంది.

ముందుగా అందరికీ తెలిసిన ఉదాహరణనే తీసుకుంటాను, ఎందుకంటే అందులో మనకు తెలిసింది సగమేనని నా అనుమానం. అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ బస్సులో తన సీటును తెల్లజాతి ప్రయాణికుడికి వదిలిపెట్టడానికి నిరాకరించి అరెస్టయ్యారని, డిసెంబరు 5 నుంచి నల్లజాతి ప్రజలు బస్సులెక్కడం మానేశారని, 381 రోజుల తరువాత బస్సుల్లో జాతి విభజన రద్దయిందని చదువుకున్నాం. ఈ కథ విన్నవారికి ఒక మహిళ ధైర్యానికి ఊరంతా ఒక్కసారిగా కదిలిపోయినట్లు అనిపిస్తుంది. కానీ అంతకు ఏడాదిన్నర ముందే, 1954 మే నెలలో, అక్కడి మహిళా రాజకీయ మండలి తరఫున జో ఆన్ రాబిన్సన్ అనే కళాశాల అధ్యాపకురాలు నగర మేయరుకు ఒక లేఖ రాశారు. బస్సు ప్రయాణికుల్లో నాలుగింట మూడు వంతుల మంది నల్లజాతివారేనని, వారు ఎక్కడం మానేస్తే బస్సులు నడవడం సాధ్యం కాదని అందులో మర్యాదగానే గుర్తుచేశారు. పోరాటానికి ఉన్న బలమంతా ఆ లెక్కలోనే ఉంది. పార్క్స్ అరెస్టు కంటే తొమ్మిది నెలల ముందు క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల బాలిక కూడా అదే కారణంతో అరెస్టయింది గాని, అప్పుడు నాయకులు బహిష్కరణకు పిలుపునివ్వలేదు. పార్క్స్ అరెస్టయిన రాత్రే రాబిన్సన్ తన కళాశాల యంత్రం మీద వేల సంఖ్యలో కరపత్రాలు తీయగలిగారంటే, ఆ పని ఎలా చేయాలో, ఎవరి ద్వారా పంచాలో ముందే ఆలోచించి పెట్టుకున్నందువల్లనే.

ఆ తరువాతి 381 రోజులూ బస్సు ఎక్కనివారు పనులకు ఎలా వెళ్లారన్న సంగతి మీద మనం తగినంత శ్రద్ధ పెట్టం. మొదట్లో టాక్సీ డ్రైవర్లు బస్సు చార్జీకే, అంటే పది సెంట్లకే, జనాన్ని చేరవేశారు. నగర పాలకులు పాత నిబంధన చూపించి దాన్ని అడ్డుకున్నారు. అప్పుడు సొంత కార్లున్నవారు ముందుకు వచ్చారు. సుమారు మూడు వందల కార్లతో, ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో నిర్ణయించిన స్థలాలతో, చర్చిల్లో వసూలైన విరాళాలతో కొనే పెట్రోలుతో ఒక సమాంతర రవాణా వ్యవస్థ నడిచింది. ఆ కార్లకు బీమా రద్దు చేయిస్తే లండన్ బీమాదారుల దగ్గర తెచ్చుకున్నారు. ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిపై 1956 జనవరి 30న బాంబు పడింది. బహిష్కరణలను నేరంగా చూసే 1921 నాటి చట్టాన్ని బయటికి తీసి, ఫిబ్రవరిలో 89 మందిపై అభియోగాలు మోపారు. ఇంత జరుగుతున్నా వేలమంది రోజూ నడిచి వెళ్లారు, నడవలేనివారిని కార్లు దింపాయి. ఉపన్యాసాలు గొప్పవే, కాదనను. కానీ ఉపన్యాసం సాయంత్రానిది, మర్నాడు ఉదయం ఆరు గంటలకు పనిలోకి వెళ్లవలసిన మనిషికి కావలసింది వాహనం.

మరొక సంగతి. ఆ ఉద్యమం మొదట అడిగింది విభజన రద్దును కాదు. సిబ్బంది మర్యాదగా మాట్లాడాలని, ముందు వచ్చినవారు ముందు కూర్చునేలా నల్లవారు వెనుక నుంచి, తెల్లవారు ముందు నుంచి సీట్లు నింపుకోవాలని, నల్లజాతి ప్రజలు అధికంగా ఉండే మార్గాల్లో నల్లజాతి డ్రైవర్లను నియమించాలని మాత్రమే అడిగారు. నగర పాలకులు ఆపాటి దానికీ ఒప్పుకోకపోవడంతో నలుగురు మహిళలు (వారిలో కాల్విన్ ఒకరు) ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 1956 నవంబరు 13న అమెరికా సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పును ఖాయం చేసింది. దీన్ని చూపించి, గెలిపించింది కోర్టు గాని బహిష్కరణ కాదు కదా అని వాదించేవారున్నారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే బడుల్లో జాతి విభజన చెల్లదని అదే కోర్టు 1954లోనే తీర్పు చెప్పినా, దక్షిణాది రాష్ట్రాల్లో అది ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. బస్సుల తీర్పు మాత్రం ఆ డిసెంబరులోనే అమలైంది, ఎందుకంటే అమలు కాకపోతే మళ్లీ నడవడానికి సిద్ధంగా ఉన్న జనం అక్కడ ఉన్నారు. చట్టాన్ని కోర్టు మార్చవచ్చు గాని, మార్చిన చట్టాన్ని దులిపి వాడుకలోకి తెచ్చేది ఇలాంటి జనమే.

అంతకు డెబ్బై అయిదేళ్ల ముందు ఐర్లండులో ఈ ఆయుధం ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. 1880 శరదృతువులో మేయో జిల్లాలో ఒక ప్రభువు భూములకు ఏజెంటుగా ఉన్న కెప్టెన్ బాయ్‌కాట్, కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోతే, ఊరివారు ఆయనకు పని చేయడం, సరుకులు అమ్మడం, చివరికి పలకరించడం కూడా మానేశారు. పంట కోయడానికి ఉత్తరాది నుంచి యాభై మంది కూలీలను తెచ్చి, వారికి కాపలాగా వందల సంఖ్యలో సైనికులను, పోలీసులను దించవలసి వచ్చింది. అయిదు వందల పౌండ్ల పంటను కాపాడడానికి పదివేల పౌండ్లు ఖర్చయిందని అప్పట్లో లెక్కగట్టారు. ప్రభుత్వం దగ్గర సైన్యానికి కొదవ లేదు. కానీ ప్రతి పొలానికీ ఇలా కాపలా పెట్టడం ఏ ప్రభుత్వానికీ గిట్టుబాటు కాదు. మరుసటి ఏడాదే కౌలు చట్టం వచ్చింది.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ 2003 ఫిబ్రవరి 15. ఇరాక్‌పై యుద్ధం వద్దంటూ ఆ ఒక్కరోజున ప్రపంచంలోని వందలాది నగరాల్లో లక్షలాదిమంది ఊరేగారు. ఒకే రోజున అంత విస్తృతంగా జరిగిన నిరసన అంతకు ముందు లేదంటారు. మార్చి 20న యుద్ధం మొదలైంది. ఆ ఊరేగింపులు వ్యర్థమని నేననను, వాటివల్ల యుద్ధానికి నైతిక సమర్థన లేదన్న సంగతి లోకానికి తేటపడింది. అయితే ఆ శనివారం ఊరేగినవారు సోమవారం యథాప్రకారం ఉద్యోగాలకు వెళ్లారు, పన్నులు కట్టారు, వారిలో దాదాపు ఎవరూ యుద్ధానికి అవసరమైన దేన్నీ ఆపలేదు. ఒక ప్రభుత్వం ఆ వారాంతం గడిచేదాకా ఓపిక పడితే సరిపోయింది.

ఇక్కడ పరిశోధకుల మాట ఒకటి ప్రస్తావించాలి, ఎందుకంటే దీన్ని ఈ మధ్య తరచూ సగం సగం ఉటంకిస్తున్నారు. ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1900 నుంచి 2006 వరకు జరిగిన 323 ఉద్యమాలను పరిశీలించి, అహింసాయుతంగా సాగిన వాటిలో 53 శాతం, సాయుధ పోరాటాల్లో 26 శాతం విజయం సాధించాయని తేల్చారు. జనాభాలో మూడున్నర శాతం మంది చురుకుగా పాల్గొంటే ఏ ప్రభుత్వమూ నిలవలేదన్న సూత్రం కూడా ఆ పరిశోధన నుంచి పుట్టినదే. కానీ వారు లెక్కించినవి నియంతలను దించడం, పరాయి పాలనను తొలగించడం వంటి పెద్ద లక్ష్యాలున్న ఉద్యమాలు. వేతన సవరణ కోసం జరిగే సమ్మెకో, ఒక కంపెనీ సరుకును మానేయమనే పిలుపుకో ఆ శాతాలను యథాతథంగా అతికించడం సరికాదు. పైగా మూడున్నర శాతమన్నది గతాన్ని చూసి చెప్పిన పరిశీలన, తలలు లెక్కపెట్టి విజయోత్సవానికి ముహూర్తం పెట్టుకునే పంచాంగం కాదు. ఆ పరిశోధనలో నాకు విలువైనదిగా తోచింది సంఖ్య వెనుక ఉన్న కారణం: తుపాకి పట్టగలిగేవారు ఏ సమాజంలోనైనా కొద్దిమందే, పని మానేయగలిగేవారు, కొనడం మానేయగలిగేవారు, ముసలివారితో, పిల్లల తల్లులతో సహా అందరూ. పాల్గొనేవారి వైవిధ్యం పెరిగేకొద్దీ ఎదుట నిలబడిన పోలీసుకు, గుమస్తాకు, సైనికుడికి ఆ గుంపులో తన బంధువులు కనిపించడం మొదలవుతుంది. 1986 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో నియంత మార్కోస్ పాలన కూలడానికి, వీధులు నింపిన జనం మీదికి ట్యాంకులు నడపడానికి సైనికులు వెనుకాడడం ఒక ముఖ్య కారణం. 1989 జూన్‌లో బీజింగ్‌లో విద్యార్థుల ఉద్యమాన్ని అణచడానికి సైన్యం వెనుకాడలేదు. విద్యార్థులు తరగతులు మానేసినంత మాత్రాన చైనా ప్రభుత్వానికి ఆగిపోయే పని ఏదీ లేదు. అహింస ఎప్పుడూ గెలుస్తుందనేవారు ఈ రెండో ఉదాహరణను దాటవేయకూడదు.

సమ్మెల విషయానికి వస్తే, బ్రిటన్ బొగ్గు గని కార్మికుల కంటే స్పష్టమైన పాఠం మరొకటి లేదు. 1972 జనవరి 9న వారు సమ్మెకు దిగినప్పుడు అది నడి చలికాలం, విద్యుత్తులో అధిక భాగం బొగ్గుతోనే తయారయ్యేది, కార్మికులు గనుల దగ్గర కంటే విద్యుత్ కేంద్రాల దగ్గర, నిల్వ డిపోల దగ్గర పికెటింగ్ చేశారు. నెల తిరిగేసరికి ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, కరెంటు కోతలు మొదలయ్యాయి, ఏడు వారాల్లో ఒప్పందం కుదిరింది. పన్నెండేళ్ల తరువాత, 1984 మార్చిలో, అదే సంఘం గనుల మూసివేతకు వ్యతిరేకంగా మళ్లీ సమ్మె చేసింది. ఈసారి చలికాలం వెళ్లిపోతున్న సమయం. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ముందుచూపుతో విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు పెంచి పెట్టుకుంది. నాయకత్వం దేశవ్యాప్త ఓటింగ్ నిర్వహించకపోవడంతో నాటింగ్‌హామ్‌షైర్ గనుల్లో అధికులు పనికి వెళుతూనే ఉన్నారు. కార్మికులు ఏడాదిపాటు, అప్పుల్లో, ఆకలిలో, వంటశాలలు నడుపుకునే భార్యల అండతో, అసాధారణమైన త్యాగంతో నిలబడి 1985 మార్చి 3న ఏ ఒప్పందమూ లేకుండా పనికి తిరిగి వెళ్లడానికి నిర్ణయించుకున్నారు. త్యాగం తులనాత్మకంగా చూస్తే రెండోసారే ఎక్కువ. ఎదుటివారికి వారి బొగ్గు అవసరం మాత్రం మొదటిసారి కంటే ఎంతో తక్కువ.

బొంబాయి నూలు మిల్లుల సమ్మెలోనూ ఇదే జరిగింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. ఆ సంఘానికి చట్టప్రకారం గుర్తింపు లేదు, గుర్తింపు ఉన్న సంఘానికి కార్మికుల్లో పలుకుబడి లేదు. మిల్లులు ఆగితే మార్కెట్లో బట్టకు కరువు రావాలి. కానీ మరమగ్గాల మీద ఉత్పత్తి అప్పటికే పుంజుకుంది, చాలా మిల్లుల దగ్గర నిల్వలు పేరుకుని ఉన్నాయి, యంత్రాలు పాతబడిన మిల్లు కంటే మిల్లు కింద ఉన్న స్థలమే విలువైనదిగా మారుతోంది. ఇటువంటి యజమానికి సమ్మె ఒక నష్టం కాకపోగా కొంత వెసులుబాటు అయింది. ఆ సమ్మెను ఎవరూ లాంఛనంగా విరమించలేదు, అది అలా కరిగిపోయింది, వేలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. నాయకుడి నిజాయితీ మీద గాని, కార్మికుల పట్టుదల మీద గాని నాకు సందేహం లేదు. పని ఆపే ముందు, ఆపిన పని ఎదుటివారికి ఇంకా కావలసినదేనా అని చూసుకోవడం ఏ సంఘానికైనా మొదటి బాధ్యత అని మాత్రం అనుకుంటాను.

సమ్మెకు పొడవే బలమనుకోవడం కూడా పొరపాటు. 1975 అక్టోబరు 24న ఐస్‌లండులో మహిళల్లో దాదాపు 90 శాతం మంది ఆఫీసు పని, ఫ్యాక్టరీ పని, ఇంటి పని, పిల్లల పెంపకం అన్నీ ఒక్కరోజు ఆపేశారు. బడులు, దుకాణాలు, చేపల కర్మాగారాలు అనేకం మూతపడ్డాయి. మగవారు పిల్లలను వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లారు. ఎప్పుడూ కనబడని శ్రమ ఒక్కరోజు లేకపోయేసరికి అందరికీ కనబడింది. మరుసటి ఏడాది సమానత్వ చట్టం వచ్చింది, 1980లో విగ్దిస్ ఫిన్‌బోగాదొత్తిర్ దేశాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ఇది అంతటితో ముగిసిన కథ కాదన్నది కూడా చెప్పాలి. వేతనాల్లో తేడా ఇంకా పోలేదంటూ 2023లో అదే తేదీన అక్కడి మహిళలు మళ్లీ సమ్మె చేశారు, ఆనాటి ప్రధానమంత్రి కూడా అందులో పాల్గొన్నారు.

సరుకుల బహిష్కరణ గురించి ఈ రోజుల్లో మాట్లాడవలసింది ఎక్కువే ఉంది. ఫోన్‌లో ఉదయం పిలుపు వస్తుంది, సాయంత్రానికి ఇంకో కంపెనీ మీద ఇంకో పిలుపు వస్తుంది, మర్నాటికి రెండూ ఎవరికీ గుర్తుండవు. ఏం చేస్తే బహిష్కరణ ఆగుతుందో ఆ పిలుపుల్లో ఎక్కడా ఉండదు. ఎంత మారినా శిక్ష ఆగదని తెలిసిన కంపెనీ మారడానికి ప్రయత్నించదు, గాలి చల్లారేదాకా మౌనంగా ఉంటుంది. కాలిఫోర్నియా ద్రాక్ష తోటల కూలీల పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. 1965 సెప్టెంబరు 8న లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిపినో కూలీలు డెలానోలో సమ్మె మొదలుపెట్టారు, కొద్దిరోజుల్లోనే సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్తా నడిపే మెక్సికన్ కూలీల సంఘం వారితో కలిసింది. తోటల్లో సమ్మె నిలవదని త్వరలోనే తెలిసివచ్చింది, ఎందుకంటే యజమానులు వేరే కూలీలను తెచ్చుకోగలరు. కూలీకి ప్రత్యామ్నాయం దొరుకుతుంది గాని కొనేవారికి ప్రత్యామ్నాయం దొరకదు. అందుకని వారు నగరాలకు వెళ్లి, దుకాణాల ముందు నిలబడి, ఒక్క ద్రాక్షపండ్లనే కొనవద్దని, సంఘంతో ఒప్పందం కుదిరేదాకా మాత్రమే కొనవద్దని అడిగారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. 1935 కార్మిక చట్టం వ్యవసాయ కూలీలను మినహాయించి వారికి అన్యాయం చేసింది. అదే మినహాయింపు వల్ల, ఇతర సంఘాలకు నిషేధించిన దుకాణాల బహిష్కరణ వీరికి మాత్రం చట్టబద్ధమైంది. 1970 జూలైలో డెలానో యజమానులు ఒప్పందాలపై సంతకాలు చేశారు. మూడేళ్లకు ఆ ఒప్పందాలు ముగియగానే చాలామంది యజమానులు మరో సంఘం వైపు తిరిగారు, మళ్లీ పోరాడవలసి వచ్చింది, 1975లో రాష్ట్ర చట్టం వచ్చాక గాని కొంత స్థిరత్వం రాలేదు. పదేళ్లు పట్టిన పనిని పది గంటల్లో ముగించాలనుకునే మన తొందరకు ఈ కాలక్రమం మంచి మందు.

బహిష్కరణ గెలవాలంటే అమ్మకాలు పడిపోయి తీరాలనుకోనక్కరలేదు. పేద దేశాల్లో తల్లిపాలకు బదులు వాడే పాలపొడి ప్రచారానికి వ్యతిరేకంగా 1977లో నెస్లేపై మొదలైన బహిష్కరణలో ఆ కంపెనీ అమ్మకాలకు తగిలిన దెబ్బ కంటే పేరుకు తగిలిన దెబ్బే పెద్దది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయ నియమావళిని 118 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే. ఆ నియమావళిని పాటిస్తామన్న హామీ మీద 1984లో బహిష్కరణ ఆగింది, హామీ సరిగా అమలు కాలేదంటూ 1988లో మళ్లీ మొదలైంది. కొలవడానికి ఒక నియమావళి చేతిలో ఉంది కనుకనే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో వారికి తెలిసింది.

బహిష్కరణ బలహీనుల ఆయుధమని మనం పొగుడుతున్నప్పుడు, బలవంతులు దాన్ని అంతకంటే ఎక్కువగా వాడారన్న నిజాన్ని మరువరాదు. 1933 ఏప్రిల్ 1న జర్మనీలో యూదుల దుకాణాల ముందు నాజీ దళాలు కాపలా నిలబడింది బహిష్కరణ పేరుతోనే. 1927లో అంబేడ్కర్ నాయకత్వంలో మహద్ చెరువు నీరు తాగిన దళితులకు ఊళ్లలో ఎదురైన శిక్షల్లో సాంఘిక బహిష్కరణ ఒకటి. పని ఇవ్వకపోవడం, సరుకు అమ్మకపోవడం, పలకరించకపోవడం అనే మూడూ మేయో జిల్లా రైతులు చేసినవే, కానీ అక్కడ వాటి బరువు ఒక భూస్వామి ప్రతినిధి మీద పడింది, ఇక్కడ రెక్కాడితేగాని డొక్కాడని మనిషి మీద పడింది. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను స్పష్టంగా నేరాల జాబితాలో చేర్చడం అందుకే సబబు. శాంతియుతంగా జరిగింది కదా అని ప్రతి బహిష్కరణనూ సమర్థించలేం. ఎవరు ఎవరిని దేనికోసం వెలివేస్తున్నారన్నది అడిగి తీరాలి.

సామాన్యుల ఇబ్బంది సంగతి. ఇది తోసిపుచ్చవలసిన ఫిర్యాదు కాదు. నిర్ణయం తీసుకునేవాడికి చీమ కుట్టినట్లయినా లేకుండా, బస్టాండులో రోగితో ఎదురుచూసేవాడికి మాత్రమే కష్టం కలిగించే నిరసన, ఎదుటివారికి మన అవసరం ఎంత అన్న ప్రశ్నకు జవాబు వెతకలేదన్నమాట. బలవంతంగా అమలు చేసే బంద్ పౌరుల హక్కులకు భంగమని 1997లో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఇష్టపడి పని మానేయడానికి, ఇష్టం లేనివాడి పని మాన్పించడానికి మధ్య న్యాయస్థానం గీసిన ఆ గీత నాకు సరైనదిగానే తోస్తుంది. అయితే ఏ అసౌకర్యమూ కలగని సమ్మె కావాలనడం సమ్మే వద్దనడంతో సమానం. ఉపాయం ఉంటే భారాన్ని సరైన భుజం మీదికి మళ్లించవచ్చు. 2018లో జపాన్‌లోని ఒకాయామాలో బస్సు డ్రైవర్లు సమ్మె పేరుతో బస్సులు ఆపలేదు, టికెట్ డబ్బులు తీసుకోవడం ఆపారు. ప్రయాణికులు గమ్యం చేరారు, యాజమాన్యానికి ఆదాయం పోయింది. అన్ని దేశాల చట్టాలూ, అన్ని వృత్తులూ దీనికి వీలివ్వవు గాని, సమ్మె నోటీసు ఇచ్చే ముందు ప్రతి సంఘం కనీసం ఒక పూట కూర్చుని ఇటువంటి దారి వెతకవచ్చు.

ఫలితాన్ని ఎప్పుడు కొలవాలన్నది మరో చిక్కు. 1924 మార్చి 30న కేరళలోని వైకోంలో ఆలయం చుట్టూ ఉన్న వీధుల్లో కులభేదం లేకుండా అందరూ నడిచే హక్కు కోసం మొదలైన సత్యాగ్రహం, ఇరవై నెలలు సాగి, 1925 నవంబరులో మూడు వైపుల వీధులు తెరవడంతో ఆగింది. నాలుగో వైపు తెరుచుకోలేదు. ఆ రోజున చూసినవారు దాన్ని రాజీ అన్నారు. పదకొండేళ్ల తరువాత, 1936 నవంబరులో, తిరువాన్కూరు సంస్థానం తన ఆలయాల తలుపులే తెరిచింది. ఉప్పు సత్యాగ్రహం తరువాత 1931 మార్చిలో కుదిరిన ఒప్పందంలోనూ ఉప్పు పన్ను పోలేదు, తీరప్రాంతాల వారు సొంతానికి ఉప్పు చేసుకునే వెసులుబాటు మాత్రమే దొరికింది. ఇక గెలిచినది నిలవకపోవడానికి మన కళ్ల ముందరి ఉదాహరణే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం వేలంపాటలను అడ్డుకుని, ప్రభుత్వ ఆదాయం మీదనే నేరుగా దెబ్బకొట్టింది కనుక 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. ఆ ఆదాయం ప్రభుత్వానికి మళ్లీ అవసరమైంది, వేలంపాటల ముందు నిలబడిన మహిళల సంఘటిత శక్తి అప్పటికి చెదిరిపోయింది. సారా నిషేధం మాత్రం మిగిలింది.

అందుకే పత్రికలకు ఒక విన్నపం. సమ్మె జరిగిన రోజున మన వార్తల్లో నిలిచిపోయిన వాహనాల ఫొటో ఉంటుంది, ఇబ్బంది పడిన ప్రయాణికుల మాటలుంటాయి, అరెస్టుల సంఖ్య ఉంటుంది. ఏ కోరికల మీద సమ్మె జరుగుతున్నది, అందులో ఏవి పాత ఒప్పందాల్లో ఒప్పుకుని అమలు చేయనివి, చర్చలకు ఎవరు రాలేదు అన్నవి వెతికితే గాని దొరకవు, ఒక్కోసారి వెతికినా దొరకవు. సమ్మె విరమణతో వార్త కూడా ముగిసిపోతుంది. ఒప్పందం కుదిరిన ఆరు నెలలకో ఏడాదికో అందులోని ఒక్కొక్క అంశం ఏమైందో ఒక చిన్న పట్టికగా ప్రచురించే ఆనవాయితీ మీ పత్రిక ప్రారంభించగలిగితే, సమ్మెలు దండగ అనేవారికి, సమ్మెలతోనే సమస్తం సాధ్యమనేవారికి వాదించుకోవడానికి కనీసం సరైన ఆధారాలు చేతికి అందుతాయి. ఉత్తరం పొడవైనందుకు మన్నించి, స్థలాభావం ఉంటే ఈ ఒక్క విన్నపాన్నయినా ప్రచురించగోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు